నేల ఉసిరి, మూడు పొట్లాలు

పొద్దున ఏడింటికి చెన్నైలో వేళచేరి స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉండగా అమ్మ ఫోన్ చేసింది. పిన్ని కొడుక్కి కామెర్లట. కళ్లు పచ్చబడ్డాయి, అన్నం సయించడం లేదు. "రేపు పరగడుపున పసరు పోయించడానికి తీసుకెళ్తున్నారు. నీ చదువంతా ఆ మొక్క మీదే కదా, పోయించొచ్చా?" అంది.

మూడేళ్లుగా నేను నేల ఉసిరి మీదే పనిచేస్తున్నాను. అయినా వెంటనే జవాబు రాలేదు. "ముందు రక్తపరీక్ష చేయించండమ్మా. హెపటైటిస్-ఏ, హెపటైటిస్-బీ, హెపటైటిస్-ఈ, మూడు రకాలూ చూడమనండి. రిపోర్ట్ వచ్చేదాకా పసరు వద్దు" అన్నాను. అమ్మకు నచ్చలేదు. నేను పుట్టకముందు నాన్నకు కామెర్లు వస్తే మజ్జిగలో కలిపి పసరే పోయించారు. ఉప్పూ నూనే లేని పథ్యం పెట్టారు. పదిహేను రోజుల్లో నాన్న లేచి తిరిగారు. ఆ కథ వింటూ పెరిగాను కాబట్టే ఈ మొక్కను ఎంచుకున్నానేమో. కానీ కలుషితమైన నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్ ఏ చాలామందిలో కొన్ని వారాలకు దానంతటదే తగ్గిపోతుంది. నాన్నను లేపింది పసరో, నాన్న ఒంటి సత్తువో ఇప్పుడు ఎవరు చెప్పగలరు? పైగా పసరు పోసేవాళ్లు అందులో ఏ ఆకు వేశారో చెప్పరు. కాలేయం దెబ్బతిని ఉన్నప్పుడు తెలియని ఆకు కడుపులోకి పోతుందంటే నాకు భయం.

ల్యాబ్‌లో ఇవాళ పనంతా ఆ ఆకు గురించే. పోయిన శనివారం ఇక్కడి ప్యారీస్ కార్నర్ దగ్గర మూడు నాట్టు మరుందు కొట్లలో, అంటే నాటుమందుల కొట్లలో, నేల ఉసిరి తమిళ పేరు కీళానెల్లి చెప్పి మూడు పొట్లాలు కొన్నాను. మనం నేల ఉసిరి అని మొక్క ఎత్తును చూసి పేరు పెట్టుకున్నాం. తమిళులు కాయ రెమ్మ కింద వేలాడడం చూసి పెట్టుకున్నారు, కీళ్ అంటే కింద, నెల్లి అంటే ఉసిరి. కొమ్మను తిప్పి చూసినవాళ్ల పేరు అది, నాకు చాలా ఇష్టం.

మధ్యాహ్నం దాకా భూతద్దం కింద ఏరుతూ కూర్చున్నాను. మొదటి పొట్లంలో ఉన్నది దాదాపు అంతా ఫిల్లాంథస్ అమారస్, అంటే నాకు కావలసిన నేల ఉసిరే. రెండో దాంట్లో సగానికి పైగా దాని చుట్టమే అయిన మరో మొక్క, ఫిల్లాంథస్ మదరాస్పటెన్సిస్. ఆకు మొదట్లో సన్నగా, కొస వైపు వెడల్పుగా ఉంటుంది. ఆ పేరుకు అర్థం మద్రాసుది అనే. మూడో పొట్లంలో కాడ లేకుండా రెమ్మకు అంటుకున్న గరుకు కాయలు కనిపించాయి, అంటే ఎర్ర ఉసిరి, అదీ ఇంకో చుట్టమే. మూడూ ఒకే పేరుతో అమ్మినవే. మొక్కలోని పదార్థాలను విడదీసి గీతగా చూపించే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో ఎక్కించి చూస్తే, మొదటి దాంట్లో నేల ఉసిరిలో ఉండే ఫిల్లాంథిన్ అనే పదార్థం శిఖరం నిటారుగా లేచింది. మూడో దాంట్లో గీత దాదాపు నేలకే పాకింది. రెండోది రేపు.

ఫిల్లాంథిన్ నిర్మాణాన్ని తేల్చింది మన వాల్తేరులోనే, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎల్. రామచంద్రరావు గారి బృందం. 1966 నాటి ఆ పత్రంలో మొక్క పేరు ఫిల్లాంథస్ నిరూరి అని ఉంటుంది. అసలు నిరూరి అమెరికా ఖండాల మొక్క. మన దేశంలో ఆ పేరుతో జరిగిన పనిలో చాలావరకు అమారస్ మీద జరిగిందే.

అమ్మ ప్రశ్నకు ఒకప్పుడు ఈ ఊళ్లోనే జవాబు దొరికినట్టే అనిపించింది. 1988లో మద్రాసులో ఎస్.పి. త్యాగరాజన్ బృందం, హెపటైటిస్ బీ వైరస్‌ను కనిపెట్టి 1976లో నోబెల్ అందుకున్న బ్లంబర్గ్‌తో కలిసి, లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక పత్రం వేసింది. బీ వైరస్ ఒంట్లో ఉండిపోయినవాళ్లకు అమారస్ పొడి 200 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు, 30 రోజులు ఇచ్చారు. 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ పైపొర యాంటిజెన్, అంటే వైరస్ ఉందని చెప్పే ప్రోటీన్, కనిపించకుండా పోయింది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ఆ పట్టిక మొదటిసారి చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. తర్వాత వేరే చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదు. మొక్క తేడానా, కోసిన కాలం తేడానా, లేక మొదటి పరీక్ష మరీ చిన్నది కావడమా? మొక్క మీద ఇష్టం కొద్దీ నేను మొక్క తేడా అన్న కారణం వైపే మొగ్గకూడదని తెలుసు. కానీ ఇవాళ మూడు పొట్లాలూ బల్ల మీద పక్కపక్కనే పెట్టి చూశాక, ఆ అనుమానం మనసులోంచి పోవడం లేదు.

సాయంత్రం అమ్మ మళ్లీ చేసింది. రక్తం ఇచ్చారు, రిపోర్ట్ రేపు వస్తుంది, పసరు రెండు రోజులు ఆపారు. నాకు ఊపిరి తిరిగింది. కాసేపటికి పెరట్లో మొక్క ఫొటో పంపింది, "ఇదేనా?" అని. పెద్దది చేసి చూశాను. పువ్వుకు రేకులు అయిదో ఆరో తేలలేదు, అయిదుంటేనే అమారస్. వేళ్లతో సహా పీకి, పాత పేపర్ల మధ్య ఆరబెట్టి పంపమన్నాను.

"పువ్వు ఆవగింజంత కూడా లేదే, రాలిపోకుండా ఎలా పెట్టనూ?" అని అడిగింది అమ్మ.