గేటు అడుగున తుప్పు, గ్రిల్లుకి తూకం: వెల్డింగ్ మేస్త్రితో ముందే తేల్చుకోవాల్సినవి

2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్లు నిలిచిపోయిన విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక వైపు ఇళ్లలో గేటుని పై నుంచి కాదు, కింద నుంచి చూడాలి. పెయింటు నిగనిగలాడుతూనే ఉంటుంది. కింది అడ్డపైపుని స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిస్తే లోపలికి దిగిపోయినా ఆశ్చర్యం లేదు. చదరపు పైపుని నీరు బయటి కంటే లోపలే ఎక్కువ తింటుంది. అతుకు సందుల్లోంచి దూరిన నీటికి బయటికి దారి ఉండదు. వరదే రానక్కర్లేదు, రోజూ వాకిలి కడిగే నీళ్లు చాలు, కాకపోతే కాస్త నెమ్మదిగా.

ఇలాంటి గేటుకి చాలామంది చేసే రిపేరు తుప్పు మీద పట్టీ ముక్క అంటించడం. అది నిలవదు. తుప్పు మీద వెల్డింగ్ రాడ్డు సరిగా అంటుకోదు, పలచబడిన రేకు వేడికి కరిగి చిల్లు పడుతుంది, ఆ చిల్లు పూడ్చబోతే పక్కన ఇంకోటి పడుతుంది. సుత్తితో తట్టుకుంటూ పైకి వెళ్తే చచ్చిన మోత పోయి ఖంగుమనే చోటు ఒకటి వస్తుంది. అక్కడికి ఇంకో రెండు అంగుళాలు పైన కోయించండి. నిలువు పైపు లోపలికి దూరేలా చిన్న పైపు ముక్క పెట్టి, దాని మీద కొత్త ముక్క ఎక్కించి చుట్టూ వెల్డ్ చేస్తే అతుకు గట్టిగా ఉంటుంది. లోపల చేరిన నీరు దిగిపోయేలా కింది అడ్డపైపు అడుగున రెండు చివర్లా 6 లేదా 8 మి.మీ. చిల్లు ఒక్కోటి వేయించండి. అయిదు నిమిషాల పని, చెప్పకపోతే ఎవరూ వేయరు. రేకు మార్చాల్సి వస్తే ఒకే వరసలో పొడుగ్గా వెల్డ్ చేయనివ్వొద్దు. అంగుళం వేసి, అయిదారు అంగుళాలు వదిలి, ఆ చివరొకటి ఈ చివరొకటి వేస్తూ రావాలి. లేదంటే 18 గేజి రేకు, అంటే 1.2 మి.మీ.ది, అప్పడంలా ముడుచుకుంటుంది.

గేటు నేలకి రాసుకుంటుంటే కింద కోసేయడం తేలికైన దారి, తప్పు దారి కూడా. ముందు హింజ్ పిన్ను అరిగిందా, పిల్లర్‌లో హోల్డ్‌ఫాస్ట్ (గేటుని పట్టి ఉంచేందుకు కాంక్రీటులో పాతే ఇనుప ముక్క) కదిలిందా చూడాలి. రెండూ బాగుండి ఫ్రేమే వాలితే, కింది హింజ్ మూల నుంచి గడియ వైపు పై మూలకి ఏటవాలు పట్టీ కాదు, పైపే వేయాలి. అక్కడ బరువు నొక్కుతుంది, పట్టీ వంగిపోతుంది. హోల్డ్‌ఫాస్ట్ కొత్తగా పాతితే కాంక్రీటుని వారం పాటు తడిపాకే గేటు వేలాడదీయాలి. మేస్త్రి తొందరపడతాడు, మనం పడకూడదు.

కొత్త గ్రిల్లు విషయానికొస్తే గొడవంతా తూకంలోనే. కిలో లెక్కన మాట్లాడితే డిజైన్ బరువెక్కుతుంది, చదరపు అడుగు లెక్కన మాట్లాడితే రాడ్డు సన్నబడుతుంది. రెండిట్లో ఏదైనా సరే, బరువు మనమే ముందు వేసుకోవచ్చు. 12 మి.మీ. చదరపు రాడ్డు అడుగుకి సుమారు 345 గ్రాములు, 10 మి.మీ.ది 240, 25×5 పట్టీ 300. నాలుగడుగుల చదరపు కిటికీకి నాలుగు అంగుళాలకొకటి చొప్పున 11 నిలువు రాడ్లు, అంటే 44 అడుగులు. చుట్టూ ఫ్రేము, మధ్యలో రెండు అడ్డపట్టీలు కలిపి 24 అడుగుల పట్టీ. 12 మి.మీ. రాడ్డుతో 22 కిలోలు కాస్త దాటుతుంది, 10తో 18 లోపే. కాటా మీద 28 తూగితే ఎక్కడ పెరిగిందో అడగాలి. చిన్నపిల్లలున్న ఇల్లయితే ఆ నాలుగు అంగుళాల సందు మాత్రం పెంచొద్దు.

పైపుకి ఇంకో చిక్కుంది. '2 ఎం.ఎం. పైపే సార్' అంటారు. కోసిన చివర వెర్నియర్ (మందం కొలిచే పరికరం) పెడితే 1.6 చూపించొచ్చు. వెర్నియర్ లేకపోతే కాటా చాలు. 25×25 పైపు 20 అడుగుల లెంగ్తు 2 మి.మీ. మందంలో ఎనిమిది, ఎనిమిదిన్నర కిలోలుండాలి. ఏడు కిలోలు కూడా తూగకపోతే అది 1.6 మి.మీ. పైపే అనుకోవచ్చు. కాబట్టి ఎస్టిమేట్ చీటీలో 'స్క్వేర్ పైపు' అని వదిలేయకుండా సైజు, మందం, రెడ్ ఆక్సైడ్ (తుప్పు పట్టకుండా ముందు పూసే ఎర్ర పూత) ఎవరిది, బిగింపు కూలీ ఉందా, మిగిలిన ముక్కలు ఎవరివి అన్నీ రాయించుకోండి. సామాను మనమే కొనిచ్చి కూలీ మాట్లాడుకోవడమే నా ఓటు, షాపుకి తిరిగే ఓపిక ఉంటే.

ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే చెయ్యి మందపాటి ఛానల్ మీద అద్భుతంగా ఉంటుంది. అదే చెయ్యి పలచటి పైపు మీద కూడా బాగుంటుందని నమ్మకం లేదు, పాత పని చూసి పిలవండి. పలచటి పైపుకి 2.5 మి.మీ. వెల్డింగ్ రాడ్డు, 60 నుంచి 80 ఆంపియర్లు చాలు. పట్టీలకీ రాడ్లకీ 3.15 వాడొచ్చు. వానాకాలంలో విప్పి పెట్టిన ప్యాకెట్‌లోని చెమ్మ పట్టిన రాడ్లయితే అతుకులో సూది బెజ్జాలు వస్తాయి. స్టెయిన్‌లెస్ స్టీల్ రెయిలింగ్ వేయిస్తుంటే అది 202 గ్రేడా 304 గ్రేడా అని బిల్లు మీద రాయించుకోండి. అయస్కాంతం ఆ రెండిటి తేడా చెప్పదు.

ఇంటి దగ్గరే పనైతే వెల్డింగ్ మిషను 16 ఆంపియర్ల సాకెట్‌కే పెట్టాలి. ఎక్స్‌టెన్షన్ వైరు చుట్టగా ఉంచితే వేడెక్కి కరుగుతుంది, పూర్తిగా విప్పాలి. ఎర్త్ క్లాంపు వెల్డ్ చేసే ముక్కకే, పెయింటు గీకిన చోట తగిలించాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది రెడ్ ఆక్సైడ్ పూయకముందు చూడటం. ఆ పూత పడ్డాక మంచి అతుకూ చెడ్డ అతుకూ ఒక్కలాగే ఉంటాయి. స్లాగ్ (వెల్డింగ్ మీద గట్టిపడే పెంకు) కొట్టించి, వైరు బ్రష్ పట్టించి, ఒక్కో జాయింటు చుట్టూ చూడండి. ఒక పక్క టాకా (చుక్క వెల్డింగ్) వేసి వదిలేసినవి గోడ వైపు, కింది వైపు దొరుకుతాయి, కంటికి ఎదురుగా దొరకవు. మూలలు మూలమట్టంతో, కర్ణాలు టేపుతో కొలవండి. రెండు కర్ణాలూ సమానంగా రాకపోతే గ్రిల్లు కిటికీలో కూర్చోదు. మిగతా డబ్బు ఈ తనిఖీ అయ్యాకే.

పని జరుగుతుంటే పిల్లల్ని లోపల ఉంచండి. ఆ వెలుగు చూసిన కళ్లు అప్పుడేమీ అనవు, రాత్రికి ఇసుక పోసినట్టు మండుతాయి. నల్ల కళ్లజోడు పెట్టుకుని చూస్తే సరిపోతుందనుకోవద్దు. నిప్పురవ్వలు కిటికీ అద్దం మీద, కారు అద్దం మీద పడితే చుక్కలు చుక్కలుగా దిగి కూర్చుంటాయి, తుడిస్తే పోవు. అద్దాలకి అట్టపెట్టెలు అడ్డం పెట్టి, కారు వీధి చివరికి తీయండి. గ్రైండింగ్ పొడి టైల్స్ మీద పడ్డాక నీళ్లతో కడిగితే తెల్లారేసరికి తుప్పు మరకలు. ముందు పొడిగా ఊడ్చి, అయస్కాంతానికి కవరు చుట్టి నేలంతా తిప్పి, ఆ తర్వాతే బకెట్ తీయండి.