‘ఎందుకు కొట్టాడంట?’

ఒకటో తారీఖు, రాత్రి.

పింఛన్ల రోజు. పొద్దున్నే సచివాలయం వాళ్లు గుమ్మాల ముందు ఉంటారు. వేలిముద్ర పడగానే అవ్వ చేతిలో 4,000 పెడతారు. ఊరంతా వీధిలోనే ఉంటుంది కాబట్టి ఏ ఇంట్లో ఆడవాళ్లు నలిగిపోతున్నారో ఈ ఒక్క పూట కాస్త కనిపిస్తుంది. నోట్లు లెక్కపెట్టుకునేది అవ్వా, పక్కన నిలబడ్డ కొడుకా? అక్కడే తెలిసిపోతుంది. కొడుకు చెయ్యి చాపుతాడు, ఆవిడ మారుమాట లేకుండా ఇచ్చేసి లోపలికెళ్తుంది. సాయంత్రం బీపీ బిళ్లలకి అప్పు అడుగుతుంది. ఊళ్లో దీన్ని హింస అనరు, ‘కన్నకొడుకేగా తీసుకుంది’ అంటారు. 2005 గృహహింస చట్టం మాత్రం అంటుంది. కొట్టడం, లైంగికంగా బలవంతపెట్టడం, మాటలతో పొడవడం, డబ్బు లాక్కోవడం నాలుగింటినీ ఒకే వరుసలో పెట్టింది. భార్యకే కాదు, అదే ఇంట్లో ఉండే తల్లికీ అక్కచెల్లెళ్లకీ వర్తిస్తుంది. ఆ అవ్వకి ఇంకో దారి కూడా ఉంది. 2007 వృద్ధుల చట్టం కింద ఆర్డీవోకి అర్జీ పెట్టుకోవచ్చు, నెలకి 10,000 దాకా పోషణ ఖర్చు అడగొచ్చు. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేస్తే ఎలా రాయాలో చెబుతారు.

మధ్యాహ్నం డ్వాక్రా సంఘం మీటింగు. పుస్తకంలో సంతకాలు చూస్తే చాలాసార్లు సగం కథ అక్కడే ఉంటుంది. ఎప్పుడూ వచ్చే మనిషి వరసగా మూడు మీటింగులు మానేస్తుంది. కంతు మాత్రం భర్త తెచ్చి కడతాడు. లేదా లోను ఈవిడ పేరు మీద, డబ్బు ఆయన జేబులో, ఏటీఎం కార్డు అత్తగారి బీరువాలో. ఫోన్ మోగితే స్పీకర్ పెట్టి మాట్లాడుతుంది, ఎండాకాలంలో పొడుగు చేతుల జాకెట్టు వేసుకుంటుంది. ఇందులో ఏ ఒక్కటీ రుజువు కాదు. రెండు మూడు కలిస్తే ఒంటరిగా పలకరించాల్సిన మనిషి అని అర్థం.

‘బాత్రూంలో జారిపడ్డా’ అన్నప్పుడు దెబ్బ ఎక్కడుందో చూడాలి. జారేవాళ్లు చేతులు ఆనిస్తారు, అరచేతులు, మోచేతులు, మోకాళ్లు గీసుకుపోతాయి. చెంప, చెవి, మెడ, వీపు, దండ చెయ్యి లోపలివైపు కమిలితే పడటం వల్ల కాకపోవచ్చు. అన్నిట్లోకీ భయపడాల్సింది మెడ పట్టుకుని నులిమిన దెబ్బకి. పైకి మచ్చ కూడా ఉండకపోవచ్చు. గొంతు బొంగురుపోవడం, మింగుతుంటే నొప్పి, కళ్లల్లో ఎర్ర చుక్కలు ఉంటే అదే గంటలో ఆసుపత్రికి పంపాలి. లోపల వాపు కొన్ని గంటల తర్వాత ఊపిరికి అడ్డంపడొచ్చు. ఒకసారి మెడ మీద చెయ్యి వేసినవాడి ఇంట్లో ప్రాణాపాయం ఉన్నట్టే లెక్క.

ఇంతా చూసి, చివరికి మనవాళ్ల నోట వచ్చే మొదటి మాట: ‘ఎందుకు కొట్టాడంట?’

ఎంత మంచి మనసుతో అడిగినా పని చెడగొట్టేది ఈ ప్రశ్నే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆడవాళ్లని ఏడు కారణాలు చదివి అడుగుతారు: చెప్పకుండా బయటికెళ్తే, ఇల్లూ పిల్లల్నీ పట్టించుకోకపోతే, ఎదురు మాట్లాడితే, పక్కలోకి రానంటే, వంట బాగా చేయకపోతే, అనుమానం వస్తే, అత్తమామల్ని గౌరవించకపోతే మొగుడు కొట్టడం సబబేనా అని. 2019-21 సర్వేలో ఏదో ఒక కారణానికి ‘సబబే’ అన్నవాళ్లు ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ నూటికి 80 మందికి పైగా. కాబట్టి ‘ఎందుకు’ అని అడగగానే ఆవిడ ఆ ఏడింటిలో తన తప్పు వెతుక్కుంటుంది, ‘నేనే నోరు జారాను’ అంటుంది. అక్కడితో మాట ఆగిపోతుంది.

దాని బదులు అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఇంటికెళ్లాలంటే భయంగా ఉందా? ఈమధ్య దెబ్బలు ఎక్కువయ్యాయా? చంపుతానన్నాడా? పిల్లల మీద చెయ్యి పడుతోందా? అత్తగారు లేనప్పుడు, తలుపు వారగా కాకుండా, నీళ్ల ట్యాంకు దగ్గరో అంగన్‌వాడీలో పిల్లల బరువు తూచే వంకతోనో అడగాలి. చెప్పినదాన్ని ‘నిజమా?’ అనకుండా వినాలి. ఆమె అడగనిదే మర్నాడు సంఘం అంతా కలిసి వాళ్లింటి మీదికి పోకూడదు. పదిమంది వచ్చి గట్టిగా అడిగి వెళ్లాక తలుపు మూసుకుంటుంది, ఆ రాత్రి దెబ్బలు తినేది ఆవిడొక్కతే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడితే ఊళ్లకు ఊళ్లు లేచాయి నిజమే. అది దుకాణం మీద పోరాటం, సాయంత్రమైతే ఎవరిళ్లకి వాళ్లు వెళ్లిపోవచ్చు. ఇక్కడ యుద్ధమే ఇంట్లో.

ఆసుపత్రిలో చేసే తప్పు తర్వాత కోర్టులో బయటపడుతుంది. భర్త పక్కనుంటే ‘జారిపడ్డా’ అని చెబుతారు, డాక్టరు అదే రాస్తాడు, ఆర్నెల్లకి అవతలి లాయరు ఆ కాగితమే చదివి వినిపిస్తాడు. ప్రభుత్వాసుపత్రిలో ఎవరు, దేనితో, ఎప్పుడు కొట్టారో చెప్పి ఎమ్మెల్సీ, అంటే కోర్టుకి పనికొచ్చే మెడికో-లీగల్ కేసు రాయించుకోవాలి. ఫొటోలు దూరం నుంచి మొహం కనపడేలా ఒకటి, దెబ్బ పక్కన రూపాయి బిళ్ల పెట్టి దగ్గరగా ఒకటి. కమిలిన రంగు రెండో రోజుకో మూడో రోజుకో తేలుతుంది, అప్పుడు మళ్లీ తీయాలి. ఆ ఫొటోలు ఆమె ఫోన్లో ఉంచకూడదు.

కేసు అంటే స్టేషనే అనుకుంటారు. గృహహింస చట్టం అసలు సివిల్ దారి. ఐసీడీఎస్‌లో, అంటే అంగన్‌వాడీలు చూసే శాఖలో, రక్షణాధికారి డీఐఆర్ (జరిగిన హింస మీద నివేదిక) రాసి మేజిస్ట్రేటుకి పంపుతారు, లేదా నేరుగా కోర్టులో అర్జీ పెట్టుకోవచ్చు. మామూలుగా మూడు రోజుల్లో మొదటి వాయిదా, 60 రోజుల్లో తీర్పుకి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. నిజానికి వాయిదాలు అంతకంటే చాలా ఎక్కువ కాలం సాగుతాయి కాబట్టి అర్జీతోపాటే మధ్యంతర ఉత్తర్వు అడిగి తీరాలి. ఇల్లు అత్తగారి పేరు మీదున్నా కోడలికి ఉండే హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. రక్షణ ఉత్తర్వు దాటితే ఏడాది దాకా జైలు, 20,000 దాకా జరిమానా, లేదా రెండూ. లాయరు ఫీజు గురించి దిగులక్కర్లేదు. ఆదాయంతో పని లేకుండా ఏ ఆడమనిషికైనా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని పెడుతుంది, నంబరు 15100.

క్రిమినల్ కేసు వేరు. భర్తా అతని చుట్టాలూ భార్యని హింసిస్తే పెట్టే పాత 498ఏ, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షను. ఇక్కడ చాలామందికి తెలియని గోతి ఉంది. ఫిర్యాదు చేయగానే లోపలేస్తారనుకుంటారు. 2014 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత అరెస్టు బదులు ముందు విచారణకి రమ్మని నోటీసు ఇవ్వడమే ఎక్కువ, జనం ఇప్పటికీ 41ఏ నోటీసు అంటారు. నోటీసు తీసుకున్న మనిషి చీకటి పడేసరికి అదే ఇంటికి వస్తాడు. కాబట్టి స్టేషన్ మెట్లెక్కే ముందే ఆ రాత్రి తల్లీపిల్లలు ఎక్కడ పడుకుంటారో తేల్చుకోవాలి. పుట్టింటికి వెళ్లలేకపోతే హింసకి గురైన ఆడవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే జిల్లా సఖి కేంద్రంలో మామూలుగా ఐదు రోజుల దాకా ఉండనిస్తారు. మహిళల హెల్ప్‌లైన్ 181కి చేస్తే కలుపుతారు, దెబ్బలు పడుతున్న క్షణంలో అయితే 112. పెద్ద మగపిల్లలుంటే ముందే అడగాలి, వయసు పరిమితి ఉంటుంది.

ఉన్నపళంగా ఇల్లు వదలాల్సి వస్తే పట్టుకెళ్లే సంచి సంగతి. ఆధార్, రేషన్ కార్డు, పాసు పుస్తకం, పిల్లల జనన ధ్రువపత్రాలు, చదువు సర్టిఫికెట్లు, పెళ్లి ఫొటో, శుభలేఖ, వారానికి మందులు, కొంచెం డబ్బు. ఇంట్లో కాదు, నమ్మకమైన పక్కింట్లో పెట్టాలి. ఆర్టీసీలో చాలా బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ డబ్బు లేదు కదా అని డబ్బు మానేయకూడదు, గుర్తింపు కార్డు చూపకపోతే టికెట్ కొట్టాల్సిందే. ఆధార్‌కి భర్త ఫోన్ నంబరు కలిపి ఉంటే ఆధార్ ఓటీపీలన్నీ అతనికే పోతాయి, బ్యాంకులో అతని నంబరు ఉంటే బ్యాంకు ఓటీపీలూ అంతే, అది బ్యాంకులోనే మార్చుకోవాలి. ఆధార్ నంబరు మాత్రం ఆధార్ కేంద్రంలో వేలిముద్రతో మార్చుకోవచ్చు, వేరే కాగితాలు అడగరు. వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైసెస్’ తెరిచి చూడాలి, ఇంకో ఫోన్లో ఆమె మెసేజీలన్నీ తెరిచి ఉండొచ్చు.

గొడవ రాజుకుంటుంటే వంటింట్లోకీ, పురుగుమందు డబ్బాలున్న కొట్టులోకీ వెళ్లకూడదు, వీధి తలుపు వైపు జరగాలి. పిల్ల పక్కింటికొచ్చి ‘అమ్మ తోడు అడిగింది’ అంటే పక్కింటావిడకి సంగతి అర్థమై 112కి ఫోన్ చేసేలా ముందే అనుకుని ఉంచుకోవచ్చు. పాలు తోడేయడానికి మజ్జిగ అడిగారనుకుంటారు, ఎవరికీ అనుమానం రాదు.

సాయంత్రం రావిచెట్టు కింద పెద్దమనుషుల కూర్చోడం. అక్కడా మొదటి అరగంట ‘ఎందుకు’ మీదే పోతుంది, కూరలో ఉప్పు దాకా వెళ్తుంది. చివర్లో ‘ఇకమీదట ఇద్దరూ సర్దుకుని ఉండాలి’ అని తెల్ల కాగితం మీద ఇద్దరి సంతకాలు. దెబ్బలు తిన్న మనిషి కూడా తప్పు ఒప్పుకున్నట్టే రాసి ఉంటుంది ఆ కాగితం. గృహహింస చట్టం నియమాల్లో కౌన్సెలింగ్ గురించి ఒక మాట ఉంది: కొట్టినందుకు సమర్థన చెప్పుకోనివ్వరు, ఆ సంగతి మొదలుపెట్టే ముందే అతనికి తెలియజేయాలి. ఊరి పంచాయితీకి ఈ ఒక్క నియమం పెడితే సగం మందికి మాట్లాడటానికి ఏమీ ఉండదు! ఖాళీ కాగితం మీద సంతకం చేయొద్దనీ, రాసింది చదివించుకుని ఒక నకలు తీసుకోమనీ ఆవిడకి ముందే చెప్పాలి.

రేపటి పని: ఆరోగ్య కేంద్రంలో 181 స్టిక్కర్లు నోటీసు బోర్డు మీద నుంచి మార్చాలి. అత్తగారు పక్కనుండగా బోర్డు ముందు నిలబడి చదివేదెవరు? ఆడవాళ్ల మరుగుదొడ్డిలో తలుపుకి లోపలివైపు, కూర్చుంటే కళ్లకి ఎదురుగా వచ్చే ఎత్తులో అంటించాలి. గడియకి అడ్డం రాకుండా.