250 డిగ్రీల దగ్గర ఆగాల్సింది

సిలికాన్ నుంచి వెలుతురు రాబట్టడం నా పీహెచ్‌డీ పని. సిలికాన్‌లో ఎలక్ట్రాన్ కిందికి దిగి కాంతినివ్వాలంటే శక్తి ఒక్కటే కాదు, మొమెంటం లెక్కా కుదరాలి. దానికి స్ఫటికంలోని కంపనం, అంటే ఫోనాన్, తోడు రావాలి. ఈలోపే ఎలక్ట్రాన్ ఏదో ఒక లోపంలో చిక్కుకుని శక్తిని వేడిగా పోగొట్టుకుంటుంది.

మేం ఆ లోపాలనే వాడుకోవాలనుకున్నాం. వేఫర్‌లోకి, అంటే పలుచటి సిలికాన్ బిళ్లలోకి, సిలికాన్ అయాన్లనే (విద్యుదావేశమున్న పరమాణువులనే) కొడితే చోటు తప్పిన పరమాణువులు మూడేసి చొప్పున గుంపు కడతాయి. దాన్ని డబ్ల్యూ సెంటర్ అంటారు. అది 1218 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, స్పెక్ట్రమ్‌లో సన్నటి గీతలా వెలుగుతుంది.

అయాన్లను కొట్టే యంత్రం మీద బీమ్ దొరికిన రోజు అంతా టెన్షనే. సోర్స్‌లో పుట్టిన అయాన్లను అయస్కాంతం ద్రవ్యరాశిని బట్టి వేరుచేస్తుంది. సిలికాన్ ద్రవ్యరాశి 28. సోర్స్‌లో మిగిలిపోయిన గాలిలోని నైట్రోజన్ అణువుదీ 28. మా అయస్కాంతం ఆ రెంటినీ విడదీయలేదు. అందుకని ద్రవ్యరాశి 29 ఉన్న సిలికాన్ రకాన్ని, అంటే 29 ఐసోటోపును, పట్టుకున్నాం. ప్రకృతిలో అది 5 శాతం కూడా ఉండదు కాబట్టి బీమ్ కరెంటు నీరసంగా వచ్చింది. చదరపు సెంటీమీటరుకు 50 లక్షల కోట్ల అయాన్లు, 80 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. అయాన్లు స్ఫటికం వరుసల సందుల్లోంచి లోతుకు జారిపోకుండా వేఫర్‌ను 7 డిగ్రీలు వంచి పెట్టాం. అన్ని అయాన్ల డోస్ పూర్తయ్యేసరికి తెల్లారింది.

తర్వాత యానీలింగ్, అంటే అయాన్ల దెబ్బకు చెదిరిన స్ఫటికాన్ని వేడిచేసి మాన్పడం. ఎంత వేడి చేస్తే స్ఫటికం అంత బాగా మానుతుందనుకుని, ఎవర్నీ అడక్కుండా ఫర్నేస్ 500 డిగ్రీలకు పెట్టేశాను. శాంపిల్‌ను 10 కెల్విన్‌కు (దాదాపు మైనస్ 263 డిగ్రీల సెల్సియస్‌కు) చల్లబరిచి లేజర్ వేస్తే 1218 దగ్గర ఏమీ లేదు. రెండు రోజులు డిటెక్టర్‌ను అనుమానించాను. మామూలు సిలికాన్ కెమెరాకు ఈ వెలుగు కనపడదు గానీ, మాది ఇండియం గాలియం ఆర్సెనైడ్ డిటెక్టరే.

గైడ్ నా నోట్‌బుక్ చూసి, "సగమే మాననివ్వాలయ్యా, నువ్వు పూర్తిగా మాన్పేశావు" అన్నారు. నిజమే, అంత వేడికి డబ్ల్యూ సెంటర్లు చెదిరిపోతాయి. మిగిలిన ముక్కను 250 డిగ్రీల దగ్గర అరగంట ఉంచాను. ఈసారి గీత నిటారుగా లేచింది! అది చూసి ఎంతసేపు కూర్చుండిపోయానో గుర్తులేదు.

ఆ సంబరంలోనే శాంపిల్‌ను మెల్లగా వేడెక్కనిచ్చాను. 45 కెల్విన్ దాటాక గీత కుంగడం మొదలైంది. గది ఉష్ణోగ్రతకు వచ్చేసరికి స్క్రీన్ మీద నాయిస్ తప్ప ఏమీ మిగల్లేదు. ప్రస్తుతం కార్బన్ కొట్టిన వేఫర్ల మీద, 1278 నానోమీటర్ల దగ్గర వెలిగే జీ సెంటర్ అనే కార్బన్ లోపం కోసం చూస్తున్నాను.