షాస్తా మీద మంచు పాకం

మే నెలలో మొగల్రాజపురంలోని మా డాబా గది కొలిమిలా ఉంటుంది కనుక, కిందటి నెల ఎక్కిన మంచుకొండ ఫొటోలు చూపిస్తే అమ్మకు కాసేపు చల్లగా ఉంటుందనుకున్నాను. ఆమె మాత్రం మంచును వదిలేసి మనుషులను లెక్కపెట్టింది. “స్నేహితులతో వెళ్తున్నానన్నావు కదరా, వాళ్ళేరీ?” అని అడిగేసరికి, ఒంటరిగానే వెళ్ళాననీ, ఆ ఫొటో తీసింది శిఖరం మీద కలిసిన ఎవరో అపరిచితుడనీ ఒప్పుకోక తప్పలేదు.

ఉత్తర కాలిఫోర్నియాలోని షాస్తా 14,179 అడుగుల అగ్నిపర్వతం. 6,950 అడుగుల ఎత్తున ఉన్న బన్నీ ఫ్లాట్ దగ్గర కారు ఆపి, అక్కడినుంచి ఏడు వేల అడుగులకు పైగా ఎక్కి, అదే రోజు స్కీల మీద, అంటే మంచు మీద జారే పొడవాటి పలకల మీద, దిగిరావాలని నా ఆలోచన. వసంతకాలంలో రాత్రి రాయిలా గడ్డకట్టిన మంచు, ఎండ తగిలాక పైపొర మాత్రం జొన్నగింజల్లా విడివడుతుంది. అంతకు ముందు దిగితే స్కీ అంచు పట్టదు, ఆ తర్వాత దిగితే తడి మంచు వాలంతా కదిలే ప్రమాదం ఉంటుంది. ఇది విని అమ్మ, “అయితే అరిసెల పాకమే కదా” అంది. ఇన్నేళ్ళుగా చదివిన పుస్తకాలేవీ నాకు ఇంత సూటిగా చెప్పలేదు. కాకపోతే పాకం ముదిరితే గట్టిపడుతుంది, ఈ మంచు ముదిరితే జారిపోతుంది.

రాత్రి ఒంటిగంటకు బయలుదేరాను. ముందుకు జారుతూ, వెనక్కి జారకుండా పట్టి ఉంచే నూగు పట్టీలను స్కీల అడుగున అంటించుకుని ఎక్కుతుండగా, దారిలోని హెలెన్ లేక్ అనే చోటుకు కాస్త దిగువన ఎడమ పట్టీ జిగురులోకి మంచుపొడి చేరి ఊడిపోయింది. దాన్ని చొక్కా లోపల పొట్టకు ఆనించి వెచ్చబెట్టి, గుడ్డతో తుడిచి, మళ్ళీ అంటించేసరికి నలభై నిమిషాలు గడిచాయి. పక్కన మరొకరుంటే టార్చి పట్టుకునేవారు. మెడలో వేసుకున్న, సంకేతాలు పంపే బీకన్ కూడా, నేను మంచు కింద పడితే వెతకడానికి ఇంకొకరు ఉన్నప్పుడే పనికొస్తుందని ఆ చీకట్లో గుర్తుకు వచ్చింది.

హెలెన్ లేక్ దాటాక స్కీలను వీపుకు కట్టుకుని, బూట్లకు ఇనుప ముళ్ళు తగిలించుకుని, రెడ్ బ్యాంక్స్ ఎర్రరాళ్ళ మీదుగా నడిచాను. శిఖరం దగ్గర గంధకం వాసన వేస్తూ నేల పొగలు కక్కుతుంటుంది. 1875 ఏప్రిల్ చివర మంచుతుపానులో చిక్కుకున్న ప్రకృతి రచయిత జాన్ మ్యూర్ రాత్రంతా ఆ వేడి బురదలోనే పడుకుని బతికాడని చెబితే, “ఒక్కడేనా?” అంది అమ్మ. తోడుగా ఇంకొకరు ఉన్నారని చెప్పవలసి వచ్చింది.

దిగేటప్పుడు రెడ్ బ్యాంక్స్ నుంచి హెలెన్ లేక్ వరకు మంచు సరిగ్గా పాకానికి వచ్చి ఉంది. ఒక్క అంగుళం మెత్తన, కింద గట్టిదనం. ప్రతి మలుపులోనూ స్కీ సన్నగా ఇసుక జల్లెడ పడుతున్న చప్పుడు చేసింది. ఆ దిగువన మాత్రం పోయిన నలభై నిమిషాల ఫలితం కనిపించింది: మోకాలి లోతు ముద్దమంచు, వాలు మీద వాటంతట అవే దొర్లుతున్న మంచు ఉండలు. నిటారు వాలుల కింద నిలబడకుండా, విశాలమైన చోట్లు చూసుకుంటూ మెల్లగా దిగాను.

కారు దగ్గరకు చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర అయింది. “అందరం క్షేమంగా దిగాం” అని అమ్మకు వాట్సాప్‌లో పెట్టాను. బెజవాడలో అప్పుడు తెల్లవారుజాము మూడు గంటలు. ఫోను జేబులో పెట్టేలోపే రెండు నీలం టిక్కులు పడ్డాయి.