షాతూలో కొన్న అయిదు యూరోల పియాఫ్

నిజం చెప్పాలంటే ఆ డిస్కు మీద పాటల కంటే నాకు దాని ధర నచ్చింది. అయిదు యూరోలు. పారిస్‌కి పడమర, షాతూ దగ్గర సేన్ నది మధ్యలో ఉన్న లంక మీద ఏడాదికి రెండుసార్లు సంత జరుగుతుంది. దాని పాత పేరులో పాతసామాన్లూ పందిమాంసమూ రెండూ ఉంటాయి. రెండూ అమ్ముతారు కూడా. నేను పాతసామాన్ల వైపు ఆగిపోయాను.

ఫ్రాన్స్ గాయని ఎదిత్ పియాఫ్ పాడిన నాలుగు పాటల 45 అది, అంటే నిమిషానికి 45 చుట్లు తిరిగే డిస్కు. అరవైల్లో ఫ్రాన్స్‌లో ఎక్కువగా ఇలా నాలుగేసి పాటల డిస్కులే అమ్మేవారు. ఇంటికొచ్చి, ఆత్రంలో స్పీడు మార్చకుండా 33లో పెట్టేశాను. నిద్రమత్తులో ఉన్న మగమనిషెవరో పాడుతున్నట్టు వినిపించింది. డిస్కు తేడాగా ఉందేమో, డబ్బులు పోయాయనుకున్నాను. తప్పు నాదేనని తెలియడానికి పాట సగమయింది.

లేబుల్ ఆకుపచ్చ రంగు. పైన కొలంబియా అని ఉంది. కొలంబియా అంటే అమెరికా వాళ్ళది, ఇప్పుడు సోనీ చేతిలో ఉన్నది అని కదా మనకు తెలిసింది. కిందికి చూస్తే పాథే మార్కోనీ అని ఉంది. ఆ రెండో పేరు పట్టుకుని మూడు రాత్రులు కూర్చున్నాను.

విషయం ఏమిటంటే, పాథే సోదరుల రికార్డుల వ్యాపారాన్ని 1928లో ఇంగ్లండ్ కొలంబియా కొనేసింది. 1931లో ఆ కొలంబియా, గ్రామఫోన్ కంపెనీ అనే మరో సంస్థతో కలిసి ఇఎంఐ అనే కంపెనీ అయింది. అలా పాథే మార్కోనీ ఇఎంఐకి ఫ్రాన్స్ శాఖగా మిగిలింది. అమెరికా కొలంబియాకూ దీనికీ అప్పటికి పేరు తప్ప సంబంధం లేదు. యజమానులు లండన్‌లో ఉన్నా గాయకులను వెతికి పట్టుకునేది, రికార్డు చేసేది, అచ్చు వేసేది, అమ్మేది అంతా ఇక్కడి మనుషులే. ఆ అచ్చు వేసే ఫ్యాక్టరీ ఉన్నది ఎక్కడనుకున్నారు? షాతూలోనే. నా డిస్కు అరవై ఏళ్ళు ఎక్కడెక్కడ తిరిగిందో గానీ, పుట్టిన ఊరికి తిరిగొచ్చి నాకు దొరికింది.

మా పై అంతస్తులో ఉండే పెద్దావిడకు ఈ సంగతి చెబితే ఆవిడ ఆశ్చర్యపోలేదు. "మా అమ్మ అక్కడే పనిచేసేది మెస్యూ, డిస్కులు కవర్లలో పెట్టే చోట. 2004లో ఆ ఫ్యాక్టరీ పడగొట్టారు, మీరప్పటికి ఇక్కడికి రాలేదు" అన్నారు.

అసలు మెలిక 2012లో ఉంది. ఇఎంఐ అప్పుల్లో కూరుకుపోయి సిటీ గ్రూప్ అనే బ్యాంకు చేతికి వెళ్ళింది. దాని రికార్డుల వ్యాపారాన్ని యూనివర్సల్ అనే మరో రికార్డు కంపెనీ 120 కోట్ల పౌండ్లకు కొంటానంది. యూరోపియన్ కమిషన్ మధ్యలో కూర్చుని, అంతా నీకే కుదరదు, కొంత వదులుకోవాల్సిందే అని తేల్చింది. వదిలిన వాటాను 2013లో ఇంకో రికార్డు కంపెనీ వార్నర్ 48 కోట్ల 70 లక్షల పౌండ్లకు తీసుకుంది. ఆ వాటాలో ఇఎంఐ ఫ్రాన్స్ శాఖ మొత్తం ఉంది. స్పెయిన్, పోర్చుగల్, పోలండ్ వంటి మరికొన్ని దేశాల శాఖలూ ఉన్నాయి. కానీ ఇంగ్లండ్ బృందం బీటిల్స్‌ను మాత్రం యూనివర్సల్ వదల్లేదు.

నాకు ఆసక్తి కలిగింది ఇక్కడే. ఫ్రాన్స్‌లో బీటిల్స్ డిస్కులు వేసిందీ ఈ పాథే మార్కోనీయే, ఓదెయాన్ అనే లేబుల్ మీద. 1964 జనవరి 29న బీటిల్స్ పారిస్‌లోని పాథే మార్కోనీ స్టూడియోకి వచ్చి తమ పాటలు రెండు జర్మన్‌లో పాడి వెళ్ళారు కూడా. అంటే పియాఫ్, బీటిల్స్ ఒకే కప్పు కింద ఉన్నవాళ్ళు. వాటాలు పంచేటప్పుడు మాత్రం ఎవరు ఏ దేశపు శాఖతో సంతకం చేశారన్నదే లెక్కయింది. ఒకరు వార్నర్‌కి, ఒకరు యూనివర్సల్‌కి. పైగా పియాఫ్ మొదట్లో, 1935 నుంచి, పాడింది పాలిడార్ అనే వేరే లేబుల్‌కి. పాలిడార్ ఇప్పుడు యూనివర్సల్‌ది. అలా ఆవిడ ఒక్కరే రెండిళ్ళకు పంపకమయ్యారు.

ఇంకో తమాషా ఉంది. యూరప్‌లో రికార్డింగు మీద హక్కు 50 ఏళ్ళ నుంచి 70కి పెంచారు గానీ, 2013 నవంబరు 1 నాటికి ఇంకా హక్కులో ఉన్నవాటికే అది వర్తించింది. 1962 చివరిలోపు విడుదలైనవి అప్పటికే చేజారిపోయాయి. పియాఫ్ చనిపోయింది 1963 అక్టోబరులో. అంటే వార్నర్ ఆ ఇల్లు కొనేనాటికే లోపలి నగలపెట్టెకు తాళం లేదు! సూపర్ మార్కెట్‌లో మూడు నాలుగు యూరోలకు ఎవరెవరి పేరు మీదనో పియాఫ్ సీడీలు ఎందుకు వేలాడుతుంటాయో నాకు అప్పుడు అర్థమైంది. పాట రాసినవాళ్ళ, బాణీ కట్టినవాళ్ళ హక్కు వేరు, అది ఇంకా నడుస్తూనే ఉంటుంది. అసలు టేపులు ఎవరి దగ్గర ఉంటే వాళ్ళే శుభ్రంగా మళ్ళీ తీయగలరు, అదీ నిజమే. ఆ చవక సీడీ ఒకటి నేనూ కొన్నాను. నా గీతలు పడ్డ డిస్కే నయం.

హక్కులు కంపెనీల మధ్య ఇలా చేతులు మారుతుంటే పాడినవాళ్ళ మాటేమిటి? ఫ్రాన్స్ రాక్ గాయకుడు జానీ హాలిడే అదే అడిగాడు. 1961 నుంచి తను పాడిన పాటల మాస్టర్ టేపులు ఇచ్చేయమని యూనివర్సల్ మీద దావా వేశాడు. ఏ కోర్టులో? కార్మికుల కోర్టులో. ఫ్రాన్స్ చట్టం ప్రకారం గాయకుడు మామూలుగా జీతగాడి కిందే లెక్క, అందుకని. వేల మంది ముందు మోటార్‌సైకిల్ మీద వేదికెక్కే మనిషి, జీతగాడిగా ఫిర్యాదు చేయడం నాకు భలే నచ్చింది. 2004లో ఆ కోర్టు ఆయన వైపు చెప్పింది. మరుసటి ఏడాది అప్పీలు కోర్టు కొట్టేసింది. టేపులు రాలేదు. ఆయన కొత్త పాటలతో వార్నర్‌కి వెళ్ళిపోయాడు, పాతవి యూనివర్సల్ దగ్గరే ఉండిపోయాయి.

మొన్న ఆదివారం పెద్దావిడను కాఫీకి పిలిచి ఆ డిస్కు వినిపించాను, ఈసారి 45లోనే. రెండో పాటలో ఒకచోట సూది గెంతుతుంది, ఆవిడ ఏమీ అనలేదు. అయిపోయాక నేను తీయబోతుంటే ఆపి, తనే తీశారు. రెండు అరచేతుల మధ్య అంచులు మాత్రమే తగిలేలా పట్టుకుని, కవరు మూతిని పొట్టకు ఆనించి కాస్త తెరిచి, ఒక్క తోపుతో లోపలికి పంపారు. నేను రెండు నెలలుగా ఆ కవరు మూలలు నలిపేస్తున్నాను.

"పక్కకు తిప్పి పెట్టండి మెస్యూ, లేకపోతే జారిపోతుంది" అన్నారు.