పడవలో తలగడ

ఆదివారం, రాత్రి పదిన్నర.

ఈరోజు సండేస్కూల్లో ఒక తొమ్మిదేళ్ల పిల్లకి తప్పు చెప్పాను. సాయంత్రం ఫోన్ చేసి దిద్దుకున్నాను గానీ, ఈలోపు పూటంతా మనసు అక్కడే పడి ఉంది.

పాఠం బైబిల్లో మార్కు సువార్త నాలుగో అధ్యాయం, తుఫాను కథ. చెప్పడం తేలిక. గాలి హోరు పిల్లలే పెడతారు, కుర్చీలు కలిపితే దోనె. వెనక కుర్చీల మీద పడుకున్నవాడు యేసు ప్రభువు. వాడు గురక కూడా పెట్టాడు. అందరూ నవ్వుతుంటే ముందు వరసలోంచి ఈ పిల్ల చెయ్యెత్తింది.

"టీచర్, పోయిన నెల 121వ కీర్తన కంఠతా పెట్టించారు కదా, కాపాడువాడు కునుకడు నిద్రపోడు అని. మరి ఇక్కడ నిద్రపోయాడేంటి? అప్పుడు అందర్నీ ఎవరు చూసుకున్నారు?"

బడి విడవడానికి ఇంకా రెండు నిమిషాలే ఉంది. "నిజంగా నిద్రపోలేదమ్మా, శిష్యుల విశ్వాసం ఎంతో చూద్దామని అలా పడుకున్నాడు" అనేశాను.

"అంటే నటించాడా?"

గంట కొట్టారు. ఆ గంటకి నేనెంత రుణపడ్డానో నాకే తెలుసు.

ఇంటికొచ్చేసరికి నాన్న పడక్కుర్చీలో నిద్రపోతున్నారు. కళ్లద్దాలు ముక్కు మీదికి జారాయి, నోరు కొంచెం తెరుచుకుంది, పేపరు ఛాతీ మీద పైకీ కిందికీ కదులుతోంది. నలభై ఏళ్లు సంఘాన్ని కాసిన మనిషి, పక్కన ఎవరు నిలబడ్డారో కూడా తెలియకుండా పడి ఉన్నారు. నిద్రంటే ఇదే కదా. ఇదే యేసు ప్రభువుకీ పట్టిందని ఒప్పుకోడానికే పొద్దున నా నోరు రాలేదు.

లేచాక జరిగింది చెప్పాను. నాన్న కాసేపు నవ్వి, "నువ్వు చెప్పినదానికి పేరుంది అమ్మాయ్. డోసెటిజం. గ్రీకులో 'అనిపించడం' అన్న మాట నుంచి వచ్చింది. యేసుకి శరీరం ఉన్నట్టు అనిపించింది, బాధపడ్డట్టు అనిపించింది, అంతే అనేవాళ్లు. దీన్ని కాదనడానికి బిషప్పుల సభ పెట్టేదాకా కూడా ఆగలేదు, యోహాను గారే ఉత్తరం రాశారు" అన్నారు.

నిజమే. యేసుక్రీస్తు శరీరధారియై వచ్చాడని ఒప్పుకునే ఆత్మే దేవుని సంబంధమైనదని మొదటి యోహాను పత్రిక నాలుగో అధ్యాయంలో ఉంది. ఆ వాక్యం నాకు నోటికొచ్చు. రెండో శతాబ్దం మొదట్లో అంతియొకయ బిషప్పు ఇగ్నేషియస్‌ని చంపడానికి కాపలా మధ్య రోముకి తీసుకెళ్తుంటే, దారిలో రాసిన ఉత్తరంలో ఆయనా ఇదే అడిగాడు: ప్రభువు పడ్డ బాధ ఉత్త కనికట్టే అయితే నాకీ సంకెళ్లెందుకని. నా విద్యార్థిని ఒక్క ముక్కలో అడిగేసింది.

నాకు నాలుగో శతాబ్దపు బోధకుడు ఎరియస్ సంగతి బాగా తెలుసు. కుమారుడు తండ్రి చేసిన సృష్టిలో మొదటివాడే తప్ప దేవుడు కాడన్నాడు. 325లో నైసియాలో కూడిన బిషప్పుల సభ "కాదు, తండ్రిదీ కుమారుడిదీ ఒకటే తత్వం" అంది. ఆ వాదన ఎవరు ఎత్తినా నా దగ్గర వచనాలు సిద్ధంగా ఉంటాయి. ఆయన దేవుడన్న ఆ గుమ్మం దగ్గరే కాపలా కాస్తూ, ఆయన మనిషన్న పెరటి తలుపు తెరిచి పెట్టుకున్నానని ఇవాళే తెలిసింది. పాత పాఠాల నోట్సు తీసి చూశాను. "నా వస్త్రములు ముట్టినది ఎవరు" అని ప్రభువు అడిగినచోట నా దస్తూరీతో "తెలిసే అడిగాడు" అని ఉంది. అంత్యదినపు గడియ కుమారుడూ ఎరుగడన్న చోట "తెలుసు, చెప్పలేదు". లాజరు సమాధి దగ్గర "యేసు కన్నీళ్లు విడిచెను" అన్నదానికి కూడా ఏదో సర్దుబాటు రాశాను. ఆయన పరువు కాపాడుతున్నానని అనుకున్నాను కాబోలు.

ఇందులో మన మాటల పాత్ర కూడా కొంత ఉందేమో. అవతారం అంటాం. కానీ జుట్టు రేగిపోయి ఎదురొచ్చినవాణ్ణి "ఏమిట్రా ఈ అవతారం" అనీ అంటాం. అందులో వేషం వాసన ఉంది. బైబిల్లో మాట శరీరధారి. బాగానే ఉంటుంది గానీ, పరిసయ్యులనే మతనిష్ఠాపరుల్ని ప్రభువు తిట్టిన మాట వేషధారులారా. రెంటిలోనూ ఆ 'ధారి' ఉంది, తొడుక్కున్నవాడు. యోహాను గ్రీకులో రాసింది అంతకంటే మోటుగా ఉంటుంది: వాక్యం, అంటే క్రీస్తే, మాంసం అయింది. తొడుక్కున్నదైతే విప్పి కొక్కేనికి తగిలించొచ్చు. అయినదాన్ని ఏం చేస్తాం?

పిల్ల రెండో ప్రశ్న మిగిలింది, అందర్నీ ఎవరు చూసుకున్నారన్నది. దానికి నాన్న అతనాసియస్‌ని తెచ్చారు. నైసియా మాట పట్టుకుని వేలాడినందుకు అయిదుసార్లు దేశం వెళ్లగొట్టించుకున్న అలెగ్జాండ్రియా బిషప్పు. ఆయన చెప్పిందేమిటంటే, వాక్యం శరీరంలో ఉన్నాడు గానీ శరీరంలో బందీ కాలేదు. ఆ శరీరంలో ఉంటూనే లోకమంతటినీ నడుపుతున్నాడు. అంటే దోనెలో నిద్రా నిజమే, కీర్తనలో మెలకువా నిజమే, ఇద్దరూ ఒక్కరే. అర్థమైందా అంటే, లేదు. కానీ నటించాడన్నదానికన్నా ఇది నయం.

451లో కాల్సెడాన్ సభకీ ఇంతకుమించి అర్థమైనట్టు లేదు, నా మటుకు అదే వాళ్ల గొప్ప. దైవస్వభావం, మానవస్వభావం ఒక్క వ్యక్తిలో ఎలా ఉన్నాయో వాళ్లు వివరించలేదు. కలగలిసిపోకుండా, మారిపోకుండా, విడిపోకుండా, వేరుపడకుండా అని నాలుగు కంచెలు పాతి ఊరుకున్నారు. గ్రీకులో నాలుగూ 'అ'తో మొదలవుతాయి, మనకి నాలుగూ 'కుండా'తో ముగుస్తాయి. ఆ భాష కూడా అందరికీ నచ్చలేదు. ఈజిప్టు క్రైస్తవులైన కోప్తులు, ఆర్మేనియా, సిరియా సంఘాల వాళ్లు ఒప్పుకోక విడిపోయారు. వాళ్లూ ఆయన పూర్తిగా దేవుడే, పూర్తిగా మనిషే అనేవాళ్లే, "రెండు స్వభావాలు" అన్న లెక్క దగ్గరే పేచీ. 1973లో కోప్తుల పోపు షెనూడా, రోము పోపు పాల్ కలిసి క్రీస్తు గురించి ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు పెట్టేసరికి పదిహేను వందల ఏళ్లు దాటిపోయాయి.

వీటిలో ఏ ఒక్కటీ తొమ్మిదేళ్ల పిల్లకి చెప్పేది కాదు. నాన్న చెప్పినవాటిలో నాలుగో శతాబ్దపు బిషప్పు గ్రెగొరీ మాట ఒక్కటి పనికొచ్చింది. యేసుకి మనిషి శరీరమే గానీ మనిషి మనసు లేదని అపోలినారిస్ అనే బిషప్పు అన్నప్పుడు, నజియాంజస్ గ్రెగొరీ ఇచ్చిన జవాబు: ఆయన తనలోకి తీసుకోనిది బాగుపడలేదు. అలసట తీసుకోకపోతే నా అలసట బయటే మిగిలిపోయినట్టు.

ఆరింటికి వాళ్లమ్మకి ఫోన్ చేసి పిల్లకి ఇమ్మన్నాను.

"పొద్దున నేను తప్పు చెప్పానమ్మా. ఆయన నటించలేదు. పొద్దుట్నుంచీ జనానికి చెప్పి చెప్పి అలిసిపోయి, నిజంగానే నిద్రపోయాడు. నీకూ నాకూ పట్టినట్టే. అప్పుడు కూడా ఆయన దేవుడే, లోకం ఆయన చేతుల్లోనే ఉంది. రెండూ ఎలాగో నాకూ పూర్తిగా తెలీదు."

అటునుంచి కొంచెంసేపు మాట లేదు. కోపం వచ్చిందేమో అనుకున్నాను.

"టీచర్, తలగడ మీద తల వాల్చుకొని అని ఉంది కదా. ఆ తలగడ ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్నాడా?"

బైబిలు తీశాను. మత్తయిలో, లూకాలో అసలు తలగడే లేదు, మార్కు ఒక్కడే రాశాడు. రెండు వచనాలు పైన, ఆయన్ని ఉన్నపాటున దోనెలో తీసుకుపోయారని ఉంది.

"లేదమ్మా, ఏమీ తెచ్చుకోలేదు. దోనెలోదే అయ్యుంటుంది" అన్నాను.

"అయితే తడిసి ఉంటుంది," అంది.