‘సర్వర్ దొరకలేదు’ అంటే సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించకండి

చీమకుర్తి గ్రానైట్ ఆఫీసుల్లో గానీ, నెల్లూరు రైస్ మిల్లుల్లో గానీ, స్టోన్‌హౌస్‌పేట హోల్‌సేల్ కొట్లలో గానీ అకౌంట్స్ ఏర్పాటు ఇంచుమించు ఒకేలా ఉంటుంది. గుమాస్తా టేబుల్ కింద ఒక సిస్టమ్, దాన్నే సర్వర్ అంటారు. అందులో ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ (లెక్కలు దాచే మైక్రోసాఫ్ట్ ఉచిత డేటాబేస్ ప్రోగ్రామ్), కంపెనీ డేటా. కౌంటర్, కాటా, గోడౌన్ సిస్టమ్‌లు లాన్ మీద దానికి తగులుకుని ఉంటాయి. పొద్దున్నే బిల్లు కొట్టబోతే ‘సర్వర్ దొరకలేదు’ అని పడుతుంది. వెంటనే ఫోన్: “సాఫ్ట్‌వేర్ పోయిందయ్యా, వచ్చి మళ్లీ ఎక్కించు.”

ఎక్కించొద్దు. ఆ మెసేజ్‌కి సాఫ్ట్‌వేర్ చెడిపోవడం కారణం కావడం అరుదు. హడావుడిగా ఎక్కిస్తే పక్కన ఇంకో ఖాళీ ఇన్‌స్టెన్స్ (ఎస్‌క్యూఎల్ సర్వర్ ఇంకో కాపీ) పడుతుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని చూస్తూ కంపెనీలు ఏమీ లేవంటుంది. డేటా పోయిందని ఆఫీసంతా గోల. నిజానికి అది పాత చోటే భద్రంగా ఉంటుంది.

ముందు రెండే అడగండి. సర్వర్ సిస్టమ్‌లో అదే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటోందా? ఆగింది అందరికా, ఒక్కరికేనా? సగం పని ఈ జవాబుల్లోనే తేలిపోతుంది.

సర్వర్‌లోనే తెరుచుకోలేదంటే లాన్ కేబుళ్ల జోలికి పోనక్కర్లేదు. విండోస్‌లో సర్వీసెస్ (వెనకాల నడిచే ప్రోగ్రామ్‌ల జాబితా) తెరిచి ఎస్‌క్యూఎల్ సర్వర్ పేరున్న వరుసలో ‘రన్నింగ్’ ఉందో లేదో చూడండి. కరెంటు పోయి వచ్చాక, పాత హార్డ్ డిస్క్ ఉన్న సిస్టమ్‌లో, విండోస్ లేచేటప్పుడు అన్నీ ఒకేసారి డిస్క్ మీద పడతాయి. 30 సెకన్లలో సర్వీస్ జవాబివ్వకపోతే విండోస్ దాన్ని వదిలేస్తుంది. విండోస్ లాగ్ చూపే ఈవెంట్ వ్యూయర్‌లో ఎర్రర్ 7009 కనబడితే ఇదే సంగతి. స్టార్టప్ టైప్‌ను ‘ఆటోమేటిక్ డిలేడ్ స్టార్ట్’కి మార్చి, రికవరీ ట్యాబ్‌లో మొదటి ఫెయిల్యూర్‌కి ‘రీస్టార్ట్ ది సర్వీస్’ పెట్టండి. స్టార్ట్ నొక్కితే ఎర్రర్ 1069 వస్తే, ఆ సర్వీస్ ఏ విండోస్ యూజర్ పేరు మీద నడుస్తోందో ఆ పాస్‌వర్డ్ ఎవరో మార్చారన్నమాట. కొత్త పాస్‌వర్డ్‌ను సర్వీసెస్‌లో కాకుండా ఎస్‌క్యూఎల్ సర్వర్ కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో ఇవ్వడం మంచిది. కావలసిన అనుమతులన్నీ అదే సర్దుతుంది.

కొత్త సిస్టమ్ కొని విండోస్ 11లో వేసినప్పుడు ఇంకో తలనొప్పి ఉంది. కొన్ని ఎన్‌వీఎంఈ డిస్కులు (వేగమైన కొత్త రకం ఎస్‌ఎస్‌డీలు) తమ సెక్టార్ సైజును (డిస్క్ ఒకసారికి రాసే ముక్క పరిమాణం) 4 కేబీ కన్నా ఎక్కువగా చెబుతాయి. అది ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు పడదు, సర్వీసే లేవదు. అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎఫ్ఎస్‌యుటిల్ కమాండ్‌తో సెక్టార్ ఇన్ఫో అడిగితే 8192, 16384 లాంటి అంకెలు కనబడతాయి. దీనికి మైక్రోసాఫ్ట్ చెప్పిన రిజిస్ట్రీ సవరణ ఉంది, అది చేసి సిస్టమ్ రీస్టార్ట్ చేయాలి. ఎస్‌క్యూఎల్‌ను ఎన్నిసార్లు తీసి వేసినా ఇది పోదు.

సర్వర్‌లో బాగానే ఉంది, మిగతా అందరికీ ఆగిందంటే మొదటి అనుమానం ఐపీ (నెట్‌వర్క్‌లో సిస్టమ్ చిరునామా నంబర్) మీద. రౌటర్ ఆగి లేస్తే నిన్న 192.168.1.10 ఉన్న సర్వర్‌కి ఇవాళ 192.168.1.14 ఇచ్చి ఉండొచ్చు. సాఫ్ట్‌వేర్ మాత్రం పాత నంబర్‌నే పట్టుకుని కూర్చుంటుంది. రౌటర్‌లో సర్వర్ మ్యాక్ అడ్రస్‌కి (దాని నెట్‌వర్క్ కార్డుకుండే సొంత నంబర్) ఆ ఐపీని రిజర్వ్ చేస్తే ఈ గొడవ ఉండదు. ఐపీ సరిగ్గానే ఉంటే నెట్‌వర్క్ ప్రొఫైల్ చూడండి. రౌటర్ మార్చాక విండోస్ దాన్ని కొత్త నెట్‌వర్క్ అనుకుని ‘పబ్లిక్’లో పడేస్తుంది, ఫైర్‌వాల్ తలుపు మూసేస్తుంది. దాన్ని ‘ప్రైవేట్’ చేయాలి. అంతేగానీ ఫైర్‌వాల్ మొత్తం ఆపేసి “పని చేస్తోంది చూడండి” అని చేతులు దులుపుకోకూడదు.

తర్వాత పోర్టు, అంటే సర్వర్ కనెక్షన్లు తీసుకునే తలుపు నంబర్. ఎక్స్‌ప్రెస్‌లో లాన్ మీద మాట్లాడే పద్ధతి టీసీపీ/ఐపీ మామూలుగా ఆపేసి ఉంటుంది, దాన్ని మనమే ఎనేబుల్ చేయాలి. పైగా ఎస్‌క్యూఎల్‌ఎక్స్‌ప్రెస్ లాంటి పేరున్న ఇన్‌స్టెన్స్‌కి స్థిరమైన పోర్టు ఉండదు. అది ఏ పోర్టు మీద ఉందో ఎస్‌క్యూఎల్ బ్రౌజర్ అనే సర్వీస్ యూడీపీ 1434 మీద చెబుతుంది. గేటు దగ్గర వాచ్‌మన్ ఫలానా సరుకు ఏ గోడౌన్‌లో ఉందో చెప్పినట్టు. మెసేజ్ చివర ఎర్రర్ 26 ఉంటే ఆ వాచ్‌మన్ పలకలేదు, లేదా ఇన్‌స్టెన్స్ పేరు తప్పు కొట్టారు. ఎర్రర్ 40 అంటే సర్వర్‌తో కనెక్షనే తెరుచుకోలేదు.

వాచ్‌మన్ మీద ఆధారపడకుండా పోర్టును కట్టేయడం మేలు. కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో టీసీపీ/ఐపీ ప్రాపర్టీస్, ఐపీ అడ్రసెస్ ట్యాబ్, అట్టడుగున ‘ఐపీ ఆల్’. డైనమిక్ పోర్ట్స్ గడిలో ఉన్నది పూర్తిగా చెరిపేయండి, సున్నా కూడా మిగలకూడదు. కింద టీసీపీ పోర్ట్‌లో 1433 వేసి సర్వీస్ రీస్టార్ట్ చేయండి. ఫైర్‌వాల్‌లో టీసీపీ 1433కి ఇన్‌బౌండ్ రూల్ ఇవ్వండి. సాఫ్ట్‌వేర్‌లో సర్వర్ పేరు దగ్గర 192.168.1.10,1433 అని కొట్టాలి. మధ్యలో ఉండేది కామా. కోలన్ పెట్టి గంటలు పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

తప్పు సాఫ్ట్‌వేర్‌దా, దారిదా అని తేల్చడానికి యూడీఎల్ ఫైల్ ఉంది. డెస్క్‌టాప్ మీద ఖాళీ నోట్‌ప్యాడ్ ఫైల్ చేసి చివరి పేరును డాట్ యూడీఎల్‌గా మార్చి డబుల్ క్లిక్ చేయండి. ప్రొవైడర్ ట్యాబ్‌లో ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి సంబంధించింది ఎంచుకుని, సర్వర్ పేరు, యూజర్, పాస్‌వర్డ్ ఇచ్చి ‘టెస్ట్ కనెక్షన్’ నొక్కండి. ఇక్కడ సక్సెస్ వచ్చి సాఫ్ట్‌వేర్‌లో రాలేదంటే దాని సెట్టింగ్స్ వెతకాలి. డీలర్‌తో వాదనకు దిగే ముందు ఈ పరీక్ష చేసి ఉండటం ఎంతైనా మంచిది.

ఒక్క సిస్టమ్‌కే ఆగితే కేబుల్, వైఫై, ఆ సిస్టమ్‌లోని యాంటీవైరస్. అంతకు మించి అరుదు.

లాగిన్ ఎర్రర్ 18456 వస్తే సంతోషించండి, దారి బాగుంది, లోపలికి రానివ్వలేదంతే. అసలు కారణం కౌంటర్ తెర మీద కనబడదు, సర్వర్‌లోని ఎర్రర్ లాగ్ ఫైల్‌లో ‘స్టేట్’ నంబర్‌గా ఉంటుంది. 8 అయితే పాస్‌వర్డ్ తప్పు. 5 అయితే ఆ యూజరే లేడు. 58 అయితే సర్వర్ విండోస్ లాగిన్‌లనే ఒప్పుకుంటోంది, మిక్స్‌డ్ మోడ్ (ఎస్‌క్యూఎల్ లాగిన్‌లనూ ఒప్పుకునేది) పెట్టాలి. 38 అయితే అడిగిన డేటాబేస్ లేదు, లేదా ఆ యూజర్‌కి అందులోకి అనుమతి లేదు. ఈ చివరిది ఏప్రిల్ 1 జబ్బు. కొత్త ఆర్థిక సంవత్సరానికి కొత్త డేటాబేస్ చేస్తారు, కౌంటర్ యూజర్‌కి అందులో హక్కు ఇవ్వడం మరిచిపోతారు. కౌంటర్‌లో ఇదే ఎర్రర్ 4060గా కనబడుతుంది.

కనెక్ట్ అవుతోంది గానీ బిల్లు సేవ్ కావడం లేదు, ఎర్రర్ 1105 వస్తోందంటే అది కనెక్షన్ సమస్య కాదు. 2008 ఆర్‌2 వెర్షన్ నుంచి 2022 వెర్షన్ దాకా ఎక్స్‌ప్రెస్‌లో ఒక్కో డేటాబేస్‌కి 10 జీబీ హద్దు. 2025 వెర్షన్‌లో అది 50 జీబీ అయింది. డిస్క్‌లో చోటుండి కూడా ఈ ఎర్రర్ వస్తోందంటే ఈ హద్దే. బిల్లుల స్కాన్ కాపీలు డేటాబేస్‌లోనే దాచేవాళ్లు దీనికి త్వరగా చేరతారు.

ఇక అన్నిటికన్నా జాగ్రత్త కావాల్సింది డేటాబేస్ పేరు పక్కన ‘రికవరీ పెండింగ్’, ‘సస్పెక్ట్’ అని పడిన దగ్గర. అక్టోబరు, నవంబరు వాయుగుండాల రోజుల్లో యూపీఎస్ లేని చోట ఇవి వస్తాయి. మొదటిది చాలాసార్లు డేటా ఉన్న డ్రైవ్ ఆలస్యంగా లేవడం వల్లో, యాంటీవైరస్ ఫైల్‌ను పట్టుకోవడం వల్లో వస్తుంది. సర్వీస్ ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి. పోకపోతే సర్వీస్ ఆపి, డేటా ఉండే ఎండీఎఫ్, లాగ్ ఉండే ఎల్‌డీఎఫ్ రెండు ఫైళ్లనూ వేరే డిస్క్‌కి కాపీ చేశాకే దేనికైనా చేయి పెట్టాలి. డేటాబేస్‌ను సర్వర్ నుంచి విడదీసే డిటాచ్ అసలు చేయకండి. సస్పెక్ట్‌లో ఉన్నది మళ్లీ అటాచ్ కాకపోవచ్చు. ఎవరైనా ‘రిపేర్ అలౌ డేటా లాస్’ కమాండ్ ఇద్దామంటే, డేటా పోయినా పర్లేదని ఒప్పుకుంటున్నట్టే. మంచి బ్యాకప్ ఉంటే రీస్టోరే దారి. ఎక్స్‌ప్రెస్‌లో వేళకు పనులు చేసే ఎస్‌క్యూఎల్ ఏజెంట్ ఉండదు కాబట్టి రోజువారీ బ్యాకప్ దానంతట అది జరగదు. విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టి, ఆ ఫైల్‌ను వేరే సిస్టమ్‌కి పంపే ఏర్పాటు చేయాలి.

ఓనరు హైదరాబాద్ నుంచి లెక్కలు చూడాలంటున్నారని రౌటర్‌లో 1433ని బయటికి తెరవమంటే ఒప్పుకోకండి. గంటల్లోనే పాస్‌వర్డ్‌లు ఊహించే ప్రోగ్రామ్‌లు వచ్చి పడతాయి. లాగ్‌లో 18456లు వరుసగా, ముక్కూ మొహం తెలియని ఐపీల నుంచి కనబడుతుంటే ఆ పోర్టు తెరిచే ఉందన్నమాట. వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి భద్రమైన దారి) పెట్టించి, ఆ ఫార్వర్డింగ్ తీసేయండి.